కమలాబాయి పట్టిన తగరం గీతలు

మిర్యాలగూడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే కమలాబాయికి ఆదివారం వస్తే తగరమే లోకం. మూడు ఎలక్ట్రాన్లు ఊడిన తగరం అయాన్ వెలుగును విడదీస్తే వందల గీతలు పడతాయి. ఒక్కో గీత రెండు శక్తి స్థాయిల మధ్య తేడా. ఏ గీత ఏ జంటదో తేల్చాలి. పెళ్ళిళ్ళ పేరయ్యకు కూడా అంత ఓపిక ఉండదు. ఆ పని మీద పేపరు అచ్చయితేనే ఆమెకు డాక్టరేట్. గడువు ఈ ఏడాదితో సరి.

కోదాడ లెక్చరర్ జీవన్ ఆమె పీహెచ్‌డీ గైడు దగ్గరే చేరి దిక్కులు చూస్తుంటే, కమలాబాయే ఇంటికి పిలిచి, జొన్నరొట్టె పెట్టి పని నేర్పింది. ఖాయం కాని స్థాయిలకు ఆమె చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు పెట్టేది. తానే మురిసిపోయి నిలబెట్టిన ‘పెద్దవూర’ అనే స్థాయి మీద మాత్రం తర్వాత అనుమానం పుట్టింది.

“దీని గీతలల్ల ఒకటి తగరంది గాదు, ఆక్సిజన్‌ది ఉన్నట్టున్నదిరా. పెద్దవూరను జర పక్కకు పెట్టు” అంది.

జీవన్ తలూపాడు. అతని చూపు ఫోన్‌లో ఉంది.

జూలైలో పేపరు అచ్చయింది. పేర్లు రెండే, గైడుదీ జీవన్‌దీ. చివర కృతజ్ఞతల్లో ‘టైపింగులో సాయపడిన కమలాబాయి గారు’. పట్టికలో అంకెలన్నీ ఆమెవే. పెద్దవూర కూడా ఊరిపేరు వదిలేసి దర్జాగా కూర్చుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను చూశాం, వీడు వాసాలే ఊడబెరుక్కుపోయాడు. గైడును ఆమె ఏనాడూ నమ్మలేదు గనక ఆయన మీద కోపం వచ్చిందంతే. జీవన్ పేరు చూస్తే మాత్రం తను పెట్టిన జొన్నరొట్టెలు గుర్తొచ్చాయి.

“ఏందిరా, నేను టైపు గొట్టిన్నా?” అని ఫోన్‌లో అడిగింది.

“సార్ అట్లా పెట్టమన్నారక్కా. నాది పర్మనెంట్ అయ్యే టైము, నీకు తెలుసుగా.” గొంతు తగ్గించాడు. “అక్కా, ఒక స్థాయి కుదరట్లేదని ఎవరో జర్నల్‌కి రాశారంట. అది నువ్వెట్లా తీశావో చెప్పవా? నా పరువు పోయేట్టుంది.”

“పెద్దవూరనా?”

“అదేనక్కా.”

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. “నువ్వే కనిపెట్టినవ్ గద. నువ్వే సెప్పుకో” అని పెట్టేసింది.

సాయంత్రం జర్నల్‌కు తానే రాయబోయింది. ఆ స్థాయి తప్పు, ఆ తప్పు నాది అని. రెండో మాట దగ్గర చెయ్యి ఆగింది. అది ఎక్కడ తప్పిందో చెప్పగలిగేది తనొక్కతే గనక, ఆ పని తనదని చూపించుకోవడానికి ఆమెకు మిగిలింది ఆ తప్పొక్కటే. నమ్మేదెవరు? అచ్చులో ఆమె టైపు కొట్టిన మనిషి.