వంటపని అని చెప్పిన సినిమా

ఆ స్పానిష్ సినిమాను ఒక్కదాన్నే చూద్దామనుకున్నాను. ఉద్యోగమని నమ్మించి ఆడపిల్లలను అమ్మేసే ముఠాల గురించి ఒక విలేకరి రాసిన కథనాలే దానికి ఆధారమట. కానీ సిరిసిల్లలో, మా ఇంట్లో, మధ్యాహ్నం టీవీ ముందు ఒక్కదాన్నే ఉండటం కుదరదు. నాయనమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కింటి అక్క కూడా తన చాట తెచ్చుకుంది. గోడ అవతల మా సాంచెలు, అంటే మరమగ్గాలు, దడదడలాడుతున్నాయి. ఆ మోతలో ఏ భాషైనా ఒకటే. కింద వచ్చే ఇంగ్లిషు అక్షరాలు చదివి తెలుగులో అరిచి చెప్పడం నా వంతు.

డైరీలో ఏదైనా రాస్తాను గానీ నాయనమ్మ ముందు నోరు పెగలదు. అందుకే సినిమాలో పిల్లలను ఒక ఇంట్లో పెట్టి తాళం వేయగానే, "వంటపనికి తెచ్చిండ్రు" అన్నాను.

"లిపిస్టిక్ పెట్టుకొని అన్నం వండుతరానే?" అంది నాయనమ్మ.

"ఫారిన్ల గట్లనే ఉంటరు పెద్దమ్మా, నీటుగ" అంది అక్క. "రూము గూడ ఇచ్చిండ్రు సూడు. సేటు మంచోడే."

తెర మీద ఆ సేటు పాస్‌పోర్టులు గుంజుకున్నాడు.

"పాస్‌పోర్టు తీసుకునుడు మామూలే" అంది అక్క. "నేను గూడ రేపు నాది కోరుట్లల ఏజెంటుకు ఇచ్చొస్త. మస్కట్‌ల ఇంటిపనట. ఎవరిల్లో పోయినంక చెప్తడట."

నేను టీవీని వదిలి అక్క వైపు తిరిగాను.

"అక్కా, అది వంటపని కాదు."

"ఆఁ? ఇనవడ్తలేదు!"

గొంతు చించుకుని అరిచాను. "వాళ్లను అమ్మేసిండ్రు! మగోళ్ల దగ్గరికి తోలుతున్నరు!"

మొదటి మాట పూర్తయ్యేసరికి కరెంటు పోయింది. సాంచెలన్నీ ఒక్కసారే ఆగాయి. రెండో మాట వీధి చివరిదాకా వెళ్లింది. సాంచెల షెడ్డు గుమ్మంలోంచి మా బాపు తల బయటికొచ్చి, నన్ను చూసి, మళ్లీ లోపలికి పోయింది.

"ముందే చెప్తే ఏమాయె బిడ్డా?" అంది నాయనమ్మ. "కూర ఎప్పుడు వండుతరా అని గంటసేపటి సంది సూస్తున్న."

అక్క నవ్వలేదు. "రేపు నువ్వు గూడ నాతోని కోరుట్లకు వస్తున్నవ్" అంది.

బస్సులో దారిపొడవునా ప్రశ్నను బట్టీ పట్టాను. ఏజెంటు ముందు కూర్చున్నాక, ఆయన బల్లకేసి చూస్తూ అప్పజెప్పాను. "ఎవరింట్ల పనో, అడ్రసు కాయితం మీద రాసియ్యుండ్రి సార్."

ఆయన నన్ను వదిలి అక్క వైపు తిరిగాడు. "ఇది నమ్మకం మీద నడిచే పనమ్మా. గీ పిల్లనెందుకు తోల్కొచ్చినవ్?"

"నాకు అడగనీకి రాదని" అంది అక్క. బల్ల మీద పెట్టిన పాస్‌పోర్టు తీసుకుని లేచింది.