మెడ చూసి తట్ట నింపడం

2006 జూన్‌లో నాగర్‌కర్నూల్ డివిజన్‌లోని ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీకి ఫిజికల్ డైరెక్టర్‌గా నాకు బదిలీ అయింది. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ మహబూబ్‌నగర్ జిల్లా కిందే ఉండేవి. బడిలో ఆటలు నేర్పేవారిని పీఈటీ అంటారు. కాలేజీలో అదే పని చేసేవారు పీడీ, హోదా లెక్చరర్‌తో సమానం. సమానమన్న మాట కాగితం మీద ఉండేది. స్టాఫ్ రూములో మాత్రం పీడీ కుర్చీ తలుపు పక్కనే వేసేవారు, ఎవరైనా బంతి అడిగితే లేచి ఇవ్వడానికి వీలుగా.

ఆ ఏడు పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది. ముందు దేహదారుఢ్య పరీక్ష దాటితేనే తర్వాత రాతపరీక్షకు పిలుస్తారు. ఆడవాళ్ళకు పరుగు, లాంగ్ జంప్, గుండు విసరడం ఉండేవి. చుట్టుపక్కల మండలాల వాళ్ళకు కాలేజీ మైదానంలో ఉచితంగా తర్ఫీదు ఇవ్వమని నన్ను అడిగారు. రోజూ పొద్దున ఆరింటికి నలభై మంది దాకా వచ్చేవారు. వారిలో ఆరుగురు ఆడవాళ్ళు.

నేను చేయించింది సర్క్యూట్ తర్ఫీదు. మైదానంలో ఏడెనిమిది చోట్ల ఏడెనిమిది పనులు పెడతాం. ఒకచోట ఇసుక సంచి భుజానికెత్తడం, ఒకచోట బండ ఎక్కి దిగడం, ఒకచోట ట్రాక్టర్ టైరు దొర్లించడం. ఒక్కో చోటును స్టేషన్ అంటాం. విజిల్ వేయగానే అందరూ ఒకేసారి మొదలుపెట్టాలి, మళ్ళీ విజిల్ పడగానే పక్క స్టేషన్‌కు మారాలి. తక్కువ సేపట్లో ఒళ్ళంతా పనిచేస్తుంది. ఇప్పుడు పట్నంలో ఇదే పనికి ఇంగ్లీషు పేరు పెట్టి అద్దాల గదుల్లో చేయిస్తున్నారు. దీని గురించి జనానికి ఉన్న అపోహలు వింటే నాకు నవ్వొస్తుంది. అందులో సగం ఒకప్పుడు నేనే దగ్గరుండి ప్రచారం చేశాను మరి.

నా పద్ధతి చెప్తాను. మధ్యలో నీళ్ళు తాగితే పొట్ట పట్టేస్తుందని నా నమ్మకం, కాబట్టి గంటన్నర సేపు మైదానంలోకి చెంబు కూడా రానిచ్చేవాణ్ణి కాదు. ఇసుక సంచులన్నీ ఒకే తూకంతో కుట్టించాను. ఉద్యోగం అందరికీ ఒక్కటే అయినప్పుడు బరువు వేర్వేరుగా ఎందుకుండాలన్నది నా వాదన. అందరికంటే వెనకబడ్డవారికి శిక్షగా మరో రెండు చక్కర్లు. ఇక ఎవరైనా పక్కకు పోయి వాంతి చేసుకుంటే, ఆ రోజు తర్ఫీదు బాగా జరిగిందని లెక్క. నాకు నేర్పిన మాస్టారు అలాగే నేర్పారు, నేనూ అలాగే నేర్పాను. ఇవాళ ముగ్గురు కక్కారు అని స్టాఫ్ రూములో గొప్పగా చెప్పుకున్న రోజులున్నాయి. తలుపు పక్క కుర్చీలో కూర్చున్నవాడికి ఆ మాత్రం గొప్ప కావలసి వచ్చేదేమో.

రోజూ వెనకబడేది ఎస్తేరు. కోడేరు దిక్కు పల్లె. ఇంటర్ పాసయ్యాక పెళ్ళైంది. భర్త దేవదాసుతో, అత్త మార్తమ్మతో కలిసి, కూలీలను కూడగట్టి తీసుకుపోయే గుంపు మేస్త్రీ కింద మహారాష్ట్రకు కాలువ పనులకు పోయేది. మట్టి పని గుంపుల్లో మగవాడు పారతో తవ్వి తట్ట నింపితే ఆడమనిషి నెత్తిన మోసి గట్టు మీద పోస్తుంది. రెండేళ్ళ కూతురుంది. ఆ పాప పుట్టింది కూడా పని దగ్గరి డేరాలోనే. ఎస్తేరు వయసుకు ఇదే ఆఖరి ప్రకటన, వచ్చే ఏడు దరఖాస్తు పెట్టడానికి కుదరదు. దసరా వెళ్ళగానే గుంపు బయలుదేరుతుంది. ఈలోగా పరీక్ష దాటితే ఊళ్ళోనే ఉండి రాతపరీక్షకు చదువుకుంటుంది, లేదంటే పాపను చంకనేసుకుని గుంపుతో పోవాలి. ఇంట్లో కుదిరిన ఒప్పందం అది.

ఆమె ఒక్కరోజు కూడా వాంతి చేసుకోలేదు. అందుకని ఒళ్ళు దాచుకుంటోందని నేను తీర్మానించాను. కూలి పని చేసిన ఒళ్ళు, దీనికి కొత్తగా నేర్పాల్సిందేముంటుంది, కావాలనే మెల్లగా పోతోంది అనుకున్నాను. రోజూ శిక్ష చక్కర్లు వేయించాను. మారు మాట్లాడకుండా వేసేది.

ఆగస్టులో ఒక ఉక్కపోత పొద్దున వెంకటేశు పడిపోయాడు. అయిజ నుంచి వచ్చి మేనత్త ఇంట్లో ఉంటున్న కుర్రవాడు, శిబిరంలో అందరికంటే బలశాలి. ముందురోజు నేను పందెం పెట్టి మోకాళ్ళు వంచి కూర్చుని లేచే బైఠక్‌లు లెక్కలేనన్ని తీయించాను. అందులో గెలిచింది అతనే. మరునాడు మూడో స్టేషన్ దగ్గర కాళ్ళు మడతపడి కూలబడ్డాడు. దవాఖానలో అతని మూత్రం నల్ల చాయ్ రంగులో వచ్చింది. డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి చెప్పింది. అలవాటు లేని పనిని ఒక్కసారిగా మితిమీరి చేస్తే కండ చితికిపోతుందట. ఆ చితికిన కండ రక్తంలో కలిసి మూత్రపిండాల మీద పడుతుందట. పైగా నీళ్ళు లేవు. వాంతి బలానికి గుర్తు కాదనీ, ఒళ్ళు ఇక చాలని చెప్పుకోవడమనీ ఆమె అంది. నా వయసులో సగం ఉంటుంది. నేను తల దించుకుని విన్నాను.

వెంకటేశు వారంలో కోలుకున్నాడు, ఇంటివాళ్ళు వచ్చి తీసుకుపోయారు. ఆదివారం బస్సెక్కి గద్వాలలో మారి అయిజ పోయాను, క్షమించమని అడుగుదామని. నేను నోరు తెరవకముందే అతను అన్నాడు.

"మీ తప్పేం లేదు సారు. నా పాణమే తక్కువది."

తిరుగు బస్సులో ఆ మాట నన్ను కాల్చుకు తింది. అతను మళ్ళీ శిబిరానికి రాలేదు.

సోమవారం మైదానానికి వచ్చినవాళ్ళు ఇరవై మంది. వాళ్ళతోపాటు పాపను చంకనేసుకుని మార్తమ్మ వచ్చింది.

"సారు, మా కోడలును ఇంటికి తోల్క పోత. మొగపిల్లగాడే పడిపోయిండంట. ఇది పిల్లతల్లి. గట్ల దుంకితే గర్భసంచి జారదా?"

ఈ భయం మార్తమ్మ ఒక్కదానిదే కాదు. చదువుకున్న లెక్చరర్లే తమ ఆడపిల్లలను ఆటలకు పంపకుండా ఇదే మాట చెప్పేవారు. వెంకటేశు సంగతి తర్వాత నాకు ధైర్యం చెప్పే ముఖం లేదు. ఎస్తేరే జవాబిచ్చింది.

"తట్టెడు మట్టి నెత్తిన బెట్టుకొని గట్టు ఎక్కి దిగినప్పుడు జారనిది, ఉత్త చేతులతోని ఇసుకల దుంకితే జారుతదా అత్తా?"

"గది పనే పిల్లా. గది వేరే, గిది వేరే."

"గది పనో గిది ఆటో ఒంటికేం తెలుస్తది అత్తా?"

మార్తమ్మ చూపు వరసగా పెట్టిన ఇసుక సంచుల మీద పడింది. "ఇవేంది సారు, అన్ని ఒక్కతీరుగ కుట్టిచ్చినవ్?" అని అడిగింది. అందరికీ సమానం అన్నాను, ఇంకా కొంచెం గర్వంగానే.

"గట్లెట్ల? గుంపుల గట్ల జేస్తే మూడో దినానికి సగం మంది పండుకుంటరు. పార పట్టినోడు తట్ట మోసేదాని మెడ జూసి మట్టి ఎత్తాలె. మెడ నిక్కి ఉంటే ఇంకొక్క పార ఎయ్యొచ్చు. మెడ కుంగిందంటే బస్. బాలింతకు సగం తట్టనే. ఒళ్ళు కుదిరినంక జర జర పెంచుతం. నీళ్ళ బిందె గట్టు మీదనే ఉంటది."

మేస్త్రీ ఊరుకుంటాడా అని అడిగాను.

"మేస్త్రీకి కాలువ కావాలె సారు. ఇయ్యాల మమ్ముల పడగొడితే రేపు ఎవరు తవ్వుతరు?"

ఆటల మాస్టర్ల కోర్సు బీపీఈడీలో ఏడాది పాటు చదివిన శిక్షణ సూత్రాలను ఆమె నిలబడ్డచోటే నాలుగు ముక్కల్లో చెప్పేసింది. మోసేవారిని బట్టి బరువు, మెల్లగా పెంపు, మధ్యలో విశ్రాంతి, నీళ్ళు. అవన్నీ నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే, మైదానంలోకి దిగాక మాస్టారి బాట పట్టి మర్చిపోయాను. సిగ్గేసింది. ఆ సాయంత్రమే సంచులు విప్పి మూడు నాలుగు తూకాలుగా మళ్ళీ కుట్టించాను.

గర్భసంచి సంగతి డాక్టరమ్మకే వదిలేశాం. ఎస్తేరును పరీక్ష చేసి, భయమేమీ లేదనీ, మెల్లగా పెంచుకుంటూ పొమ్మనీ, నొప్పో బరువో అనిపిస్తే ఆపి తన దగ్గరికి రమ్మనీ చెప్పింది. మార్తమ్మ సగమే నమ్మింది. మిగతా సగానికి ఒక షరతు పెట్టింది, రోజూ తానూ వచ్చి కూర్చుంటానని. అలా మైదానం గట్టు మీద నాకూ ఒక మేస్త్రీ వెలిసింది. పాపను పక్కన ఆడనిచ్చి, "సారు, గా పచ్చంగి పిల్లగాని మెడ జూడుండ్రి, ఆపుండ్రి" అని అక్కడి నుంచే కేకేసేది. కుర్రాళ్ళు నవ్వేవారు. నేను విజిల్ వేసేవాణ్ణి.

పని తేలికైందని ఎవరూ అనుకోకూడదు. ఇద్దరిద్దరిని జతచేశాను. ఒకరు పని చేస్తే మరొకరు లెక్కపెట్టి, తర్వాత మారాలి. ఎవరి నిన్నటి లెక్కతో వారికే పోటీ. నెల తిరిగేసరికి అందరూ ముందుకంటే ఎక్కువే చేస్తున్నారు, మానేసినవాళ్ళలో పదిమంది తిరిగొచ్చారు.

ఎస్తేరు పరుగు కూడా గాడిన పడింది. ఆమెకు కాళ్ళలో, నడుములో బలానికి కొదవలేదు. ఊపిరి ఒక్కటే కుదరాల్సి వచ్చింది, కుదిరింది. లాంగ్ జంప్ మాత్రం రాలేదు. నేను చేసిన ఇంకో పొరపాటు అక్కడ బయటపడింది. కూలి చేసిన ఒంటికి అన్నీ వచ్చేస్తాయనుకున్నాను. ఎనిమిదేళ్ళు నెత్తిన తట్ట మోసిన మనిషికి మెడ కదలకూడదు, రెండు పాదాలూ ఒకేసారి నేల వదలకూడదు. వదిలితే మట్టి ఒలికిపోతుంది. ఎస్తేరు ఎంత వేగంగా వచ్చినా, దూకాల్సిన పలక దగ్గరికి రాగానే తల బిగుసుకుపోయేది. కుడిచెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోయేది, లేని తట్టను పట్టుకోవడానికి. దూకడానికి బదులు ఇసుకలోకి ఒక అడుగు వేసి దిగేది.

తిట్టాను, బతిమాలాను, నేనే దూకి చూపించి నడుం పట్టించుకున్నాను. చివరికి ఎస్తేరే అంది. "సారు, నిజంగనే తట్ట పెట్టుకొని ఉరుకుత. పలక కాడ ఎత్తేసి దుంకుత."

ఏ పుస్తకంలోనూ లేని అభ్యాసం అది. ఖాళీ వెదురు తట్ట నెత్తిన పెట్టుకుని పరుగెత్తుకొచ్చి, పలక మీద కాలు పడగానే దాన్ని వెనక్కి విసిరేసి దూకేది. మొదటిరోజు తట్ట నా మొహానికే తగిలింది, మార్తమ్మ పడీపడీ నవ్వింది. రెండు వారాలకు పాదాలు రెండూ గాల్లోకి లేవడం మొదలైంది.

దసరాకు పది రోజుల ముందు జిల్లా కేంద్రంలో పరీక్ష. శిక్షకులను లోపలికి రానివ్వరు. నేను, దేవదాసు, పాపతో మార్తమ్మ కంచె బయట నిలబడ్డాం. పరుగులో చాలామంది మొదటి చక్కర్లోనే ఊపిరంతా ఖర్చుపెట్టి చతికిలపడ్డారు. ఎస్తేరు తన నడకలో తాను పోయి గడువులోపల చేరింది. గుండు కూడా దాటింది. లాంగ్ జంప్‌కు మూడు అవకాశాలు. మొదటిది ఫౌల్, కాలి వేళ్ళు పలక దాటాయి. రెండోసారి చెయ్యి నెత్తి మీదికి పోయింది, దూరం చాలలేదు.

"ఎత్తెయ్యే! తట్ట ఎత్తెయ్!" అని మార్తమ్మ కంచె పట్టుకుని అరిచింది. కాపలా కానిస్టేబులు కసిరాడు. ఆమె అతని వంక చూడను కూడా లేదు.

మూడోసారి ఎస్తేరు పరుగెత్తుకొచ్చింది. చెయ్యి మళ్ళీ పైకి లేచింది. అయితే ఆ చెయ్యి నెత్తి మీద ఆగలేదు, ఉత్త గాలిని పట్టి వెనక్కి గిరాటేసింది. లోపల టేపు పట్టినవాళ్ళు కొలిచి, దూరం సరిపోయిందని తెల్లజెండా ఎత్తారు. మార్తమ్మ పాపను నా చేతుల్లో పెట్టి కంచె కిందే కూర్చుని ఏడ్చింది. నాకూ కళ్ళు తడిశాయి. పీడీ ఉద్యోగంలో చేరాక మైదానంలో నాకు కన్నీళ్ళు రావడం అదే మొదలు.

దసరా తర్వాత గుంపు లారీ ఎస్తేరు లేకుండానే బయలుదేరింది. ఆమె రాతపరీక్ష కూడా దాటి మరుసటి ఏడు శిక్షణకు పోయింది. మా శిబిరం నుంచి ఇంకో పదకొండు మంది దేహదారుఢ్య పరీక్ష దాటారు.

ఆ తర్వాత మరో తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. కొత్తగా చేరిన పీఈటీలు, పీడీలు నన్ను అడిగేవారు, పిల్లలను ఎంత గట్టిగా తోమితే ఫలితం వస్తుందని. పని గట్టిగా ఉండాలి, అందులో సందేహం లేదు. తోమేవాడి కాఠిన్యంతో మాత్రం దానికి సంబంధం లేదు. ఎస్తేరు పాసైంది నా శిక్ష చక్కర్ల వల్ల కాదు. అవన్నీ వేస్తూ కూడా మరునాడు పొద్దున ఆరింటికి వచ్చింది కాబట్టి పాసైంది.