బసమ్మ శత్రుదేశం

బసమ్మకు చైనా ఎక్కడుందో తెలియదు. అయినా ఆ దేశమంటే ఆమెకు బొత్తిగా గిట్టదని మా సర్వే పుస్తకంలో అచ్చయింది. ఆ పాపం నాదే.

నిరుడు పొరుగు దేశాల మీద జనాభిప్రాయం రాసుకోవడానికి కోడుమూరు చుట్టుపక్కల తిరిగాను. సగం రైతుల ఇళ్లు, సగం మగ్గాల ఇళ్లు. రెండు వర్గాలనూ పోల్చి ఎవరు ఎందుకలా అనుకుంటున్నారో తేల్చడం పైవాళ్ల పని, అడిగి టిక్కు పెట్టడం నా పని. కాగితం మీద చైనాకు ‘చీనా’ అని ఉంది. మిట్టమధ్యాహ్నం, ఇరవయ్యో ఇల్లు. చీనాను నమ్మొచ్చా అని గబగబా చదివేశాను.

బసమ్మ మొగుడు పోయాక నాలుగెకరాల చీనీ తోటను ఒంటిచేత్తో పెంచిన మనిషి. బత్తాయిని మా వైపు చీనీ అనే అంటాం. బోర్లు ఒకదాని వెంట ఒకటి ఎండిపోయి, కాపు మీదున్న తోట నిలువునా మాడిపోయింది. ఆమెకు నా మాట చీనీ అనే వినిపించింది.

“నమ్మే గదమ్మా మునిగిపోయింది. నా పగోనికి గూడా వద్దు,” అంది.

‘అస్సలు నమ్మకం లేదు’ దగ్గర టిక్కు పెట్టాను. ఆ వీధిలో చీనీ పెట్టి చెడిన వాళ్లందరిదీ అదే మాట. ఒక్కరినైనా ఎందుకని అడిగితే నా సొమ్మేం పోయేది? మగ్గాల వాళ్లు మాత్రం చైనా పట్టుదారం చవకని, మంచీ చెడూ రెండూ ఉన్నాయని అన్నారు. నేలను నమ్ముకున్న వాళ్లకు దేశభక్తి ఎక్కువని, నేతగాళ్లకు వ్యాపారమే ముఖ్యమని పుస్తకంలో వివరణ వచ్చింది. చదివి నేనూ తలూపాను, సిగ్గు లేకుండా.

ఈ ఏడు మళ్లీ వెళ్తే బసమ్మ నన్ను నేరుగా తోటకు తీసుకుపోయింది. ఎండిన చెట్లు అలాగే నిలబడి ఉన్నాయి, మొదళ్లనిండా చెదలు. కట్టెల వ్యాపారి రెండుసార్లు వస్తే తిప్పి పంపిందట.

“నువ్వు చీనీ సంగతి రాసుకోని పోతివి గదా. సార్లు వచ్చి చూసి నష్టపరిహారం రాసేదానికి చెట్లు ఉండాల గదమ్మా. ఎప్పుడొస్తాండారు?”

నేనడిగింది ఒక దేశం గురించని, చెట్లు చూడటానికి ఎవరూ రారని చెప్పాను. అక్కడి నుంచే ఆఫీసుకు ఫోన్ చేసి తప్పు ఒప్పుకుంటే, పుస్తకం అచ్చయిపోయింది, ఈసారి సరిగా అడగమన్నారు.

బసమ్మ దగ్గర్లోని చెట్టును చేత్తో నెట్టింది. అది విరిగి పడింది, లోపలంతా మట్టి.

“ఇప్పుడు పొయ్యిలోకి గూడా పనికిరావు,” అంది.