కాలింది తినొచ్చని చెప్పింది అక్కే

మా అక్క నాకంటే ఐదేండ్లు పెద్దది. అక్కను బాగేపల్లిలో ఇచ్చినారు, నన్ను చింతామణిలో. ఇద్దరికీ షుగరుండాది, ఇద్దరమూ లావే, ఇద్దరం చిక్కబళ్ళాపురలో ఒకే డాక్టరు దగ్గర చూపించుకుంటాం. అట్లాంటి మనిషి నన్ను రెండు నెలలు మోసం చేసింది. మోసమంటే మరీ పెద్ద మాటేమోనని నాకు నేనే చానా సార్లు చెప్పుకున్న్యా. లేదు, సరిగ్గా సరిపోయే మాటే.

మా అమ్మ షుగరుతోనే పోయింది. ముందు కాలి బొటనవేలు నల్లబడింది, ఆ తర్వాత పాదం తీసేసినారు. ఆ పుండు కడిగింది మేమిద్దరమే, పొద్దున అక్క, సాయంత్రం నేను. ఇన్సులిన్ సూది మాత్రం రెండు పూటలా అక్కే వేసేది. నేను గోడ తిక్కు తిరుక్కొని నిలబడేదాన్ని. చూడలేక పోతుంటి. సూదికీ కాలు పోవడానికీ సంబంధం లేదమ్మా, సూది ముందే వేసుకొనింటే కాలు నిలిచేదేమో అని డాక్టరు చెప్పినాడు. చెప్పనీ. మా ఇంట్లో ఆ రెండూ ఒకదాని ఎనకాల ఒకటి వచ్చినాయి. నాకు తెలిసింది అంతే.

అందుకే పోయిన ఎండాకాలంలో ఆ డాక్టరు మా ఇద్దరి రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకొని, "మాత్రలు ఇంక చాలేట్టు లేవు. మూడు నెలలు చూస్తా. బరువు తగ్గి వస్తే సరే, లేదంటే సూదే" అన్నప్పుడు నాకు అమ్మ పాదమే కండ్ల ముందుకు వచ్చింది. బయట కుర్చీలో కూర్చొని అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్న్యా. "నాకు సూది వద్దక్కా" అన్న్యా. "ఏం కాదులే మే. ఇద్దరం కలిసి తగ్గుదాం" అనింది అక్క. అప్పుడు ఆ మాట నిజంగానే అనింది. ఆ మాటను నేను ఇప్పటికీ తప్పు పట్టను.

వారం దినాలకు అక్క బెంగళూరు పోయి రెండు చేతివాచీలు తెచ్చింది, అడుగులు లెక్కపెట్టేవి. నాకు నల్లపట్టీది, తనకు ఎర్రపట్టీది. మా మిద్దె పైన కూర్చొని నా ఫోన్లో యాప్ వేసి అంతా నేర్పించింది. రోజుకు ఇన్ని క్యాలరీలు తినాలని ఫోను చెప్తుంది. సంగటి ఎంత, చెట్నీ ఎంత, అన్నీ దాంట్లో ఎక్కించాల. నడిస్తే ఎన్ని క్యాలరీలు కాలినాయో వాచీ చెప్తుంది.

"మున్నూరు కాలిందనుకో, ఆ మున్నూరు మళ్ళీ తినొచ్చు" అనింది అక్క.

"కాలింది మళ్ళీ తింటే ఇంక తగ్గేదెట్ల?" అని అడిగినా. అడిగినా, బాగా గుర్తుండాది.

"తినకుంటే నీరసం పట్టుకుంటుందంట. చూడు, ఫోనే చూపిస్తాంది, ఇంకా ఇన్ని మిగిలినాయని." నిజమే, నడిచే కొద్దీ ఫోన్లో ఆ పచ్చ అంకె పెరిగింది. ప్రతి సాయంత్రం ఇద్దరం వాచీని ఫోటో తీసి ఒకరికొకరు పంపుకోవాలని అప్పుడే మాట అనుకున్న్యాం.

మాది అంగడి ఇల్లు. రాగులు, అలసందలు, శెనక్కాయ విత్తనాలు మూటల్లో దిగుతాయి. మిద్దె మీద వాటిని చేటతో చెరిగి, రాళ్ళేరి, కింద అంగడికి దించాల. ఈ పనికి మా ఇంట్లో బయటోళ్ళను పెట్టరు. మా అత్త కాలం నించి ఇంటి ఆడోళ్ళదే ఆ పని. పొద్దున టిఫను అయినాక పీట మీద కూర్చుంటే మళ్ళీ లేచేది వంటకే. వాచీ యాడుండాది? చేతికే ఉండాది. మొదటి రోజు సాయంత్రం చూసుకుంటే పద్నాలుగు వేల అడుగులు. ఆ పొద్దు నేను నడిచింది మార్కెట్టు దాకా పోయి వచ్చినంతే. మిద్దె మెట్లు ఎక్కి దిగినా గదా, ఇంట్లో తిరగతానే ఉంటా గదా అని సరిపెట్టుకున్న్యా. మనల్ని మెచ్చుకొనే దాన్ని ఎవరైనా అనుమానిస్తారా?

ఐదు నూర్లు కాలింది అనింటే ఐదు నూర్లూ తిన్న్యా. వేయించిన విత్తనాలు, వాటితో బెల్లం ముక్క. శుక్రవారం నెయ్యేసుకొని బెల్లం పూర్ణం ఓళిగ. బస్టాండు పక్కన బోండాలు వేసే బండి నా కోసమే పెట్టినట్లుండేది. షుగరు వచ్చిన ఈ పదేండ్లలో భయం లేకుండా తినింది ఆ మూడు నెలలే. ఆ సంతోషం ఎట్లాంటిదో షుగరోళ్ళకే తెలుస్తుంది. ఎవరూ చూడకుండా దొంగగా తినడం కాదు, ఫోను తినమని చెప్తే కాళ్ళు చాపుకొని తినడం.

మొదటి నెల అక్క అంకెలూ నా అంకెలూ సమానంగా వస్తాండె. రెండో నెలలో అక్కవి పడిపోయినాయి. నాలుగు వేలు, నాలుగున్నర. ఒక్కోరోజు మూడు కూడా దాటలేదు. నావి పదహైదు వేలు. నేను ఊరికే ఉండే దాన్నా? వాయిస్ మెసేజ్ పెట్టినా: "ఏమక్కా, బాగేపల్లిలో రోడ్లు అయిపోయినాయా?" అక్క నవ్వే బొమ్మ పంపింది. ఇంకో రోజు, "మూట మళ్ళీ మూలన కూర్చునిందా?" అన్న్యా. చిన్నప్పుడు అక్కను నేను పిలిచిన పేరది, మూట. అది విని మా ఇంట్లో అందరూ నవ్వినారు. దానికీ అక్క నవ్వే బొమ్మే పంపింది.

ఆ నెలలోనే ఒకసారి అక్క ఫోన్ చేసి, "బరువు చూసుకుంటాండావా మే?" అని అడిగింది.

"లేదు, మూడు నెలలు కానీ. అప్పుడే డాక్టరు దగ్గర చూసుకుంటా. ముందే చూసుకుంటే దిష్టి."

"జాకెట్లు?"

"బిగువుగానే ఉండాయి. నడిస్తే కండ గట్టిపడతాదంట గదా."

కొంచేపు అక్క ఏం మాట్లాడలేదు. సిగ్నలు పోయిందేమో అనుకున్న్యా. తర్వాత "సరేలే" అనింది. ఇప్పుడు నా పానాన్ని తినేది ఆ కొంచేపే. నోటి దాకా వచ్చిన మాటను అక్క మింగుతా ఉండింది అప్పుడే.

మూడు నెలలైనాక నేను శిడ్లఘట్ట మీదుగా బస్సులో డాక్టరు దగ్గరికి పోయినా, అక్క హైవే బస్సులో వచ్చింది. అక్కను చూస్తానే మతి పోయింది. చెంపలు దిగినాయి, గాజులు మోచేతి దాకా జారతాండాయి. బరువు చూసే మిషన్ మీద ఏడు కేజీలు తక్కువ. నేను ఎక్కితే రెండు కేజీలు ఎక్కువ. మిషన్ చెడిపోయిందేమో అని దిగి మళ్ళీ ఎక్కినా. చెడిపోలేదు. రక్తం రిపోర్టు కూడా అదే మాట చెప్పింది. డాక్టరు అక్కకు పాత మాత్రలే రాసినాడు. నాకు సూది రాసినాడు.

తిండి గురించి చెప్పే అమ్మాయి పక్క రూములో కూర్చుంటుంది. చీటీ తీసుకొని ఇద్దరం ఆయమ్మ దగ్గరికి పోయినాం. నేను ఏడుస్తానే, రోజుకు పదహైదు వేలు నడిచినా, కాలిందే తిన్న్యా, ఒక్కటి కూడా ఎక్కువ తినలేదు అని చెప్పుకున్న్యా. ఆయమ్మ నా చేతి వాచీ చూసి, ఇంట్లో ఏం పని చేస్తారని అడిగింది. చెరుగుతానని చెప్పినా.

"చెరిగినట్లు ఒకసారి చెయ్యి ఆడించండమ్మా. లేవొద్దు, కూర్చొనే."

స్టూలు మీద కూర్చొని, చేట లేకుండానే చేతులు ఎగరేసినా. వాచీలో అడుగులు పెరగతా పోయినాయి. ఇరవై, నలభై, అరవై. కాళ్ళు నేల మీదే ఉండాయి. నా మొగం మండిపోయింది.

"నిజంగా నడిచినా కూడా ఇది కాలినదానికంటే ఎక్కువే చూపిస్తుంది. తగ్గాలనుకుంటే కాలిందంతా మళ్ళీ తినకూడదమ్మా. మరీ ఆకలేస్తే కొంచెం, అంతే" అనింది ఆ అమ్మాయి. అని, అక్క తిక్కు తిరిగింది. "మీకు రెండు నెలల కిందనే చెప్పినా గదా. సంగటి కెలికేటప్పుడు వాచీ తీసి పక్కన పెట్టమన్న్యా గదా. చెల్లెలికి కూడా చెప్పమంటినే?"

అక్క తన బ్యాగు జిప్పును చూసుకుంటా కూర్చునింది. తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

మొదటి నెల చివర్లో తల తిరగతాందని అక్క ఒక్కతే వచ్చి చూపించుకొని పోయిందంట. నాకు తెలీదు. ఆ పొద్దు నించే తన అంకెలు పడిపోయినాయి. తను కాలింది మళ్ళీ తినడం మానింది, వాచీ తీసి పెట్టి సంగటి కెలికింది, మూడు వేల అడుగులనూ నిజంగా కాళ్ళతో నడిచింది. నేను మిద్దె మీద కూర్చొని పదహైదు వేలు నడిచి, అక్కను ఎగతాళి చేసి, బోండాలు తిన్న్యా.

బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చున్న్యాక అడిగినా.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్దామనే అనుకున్న్యా."

"మరి?"

"చెప్దామనుకున్న పొద్దే నువ్వు రోడ్లు అయిపోయినాయా అంటివి. సరే, రేపు చెప్దాంలే అనుకున్న్యా. మళ్ళా మూట అంటివి." అక్క గొంతు చిన్నగానే ఉండింది. "చిన్నప్పట్నించీ నువ్వే సన్నం, నేనే లావు. పావడకు గుడ్డ కొన్నా అదే మాట, పెండ్లిచూపులకు వచ్చినోళ్ళదీ అదే మాట. ఒక్కసారన్నా ఆ మిషన్ మీద నీకంటే తక్కువ ఉండాలనిపించింది పాపా. ఒక్కసారే. ఇంత దాకా వస్తాదనుకోలేదు."

నేను చేసిన తప్పు నాకు తెలుసు. మూట అన్న్యా, ఇంట్లో అందరికీ వినిపించి నవ్వించినా. నాది పాడు నోరు. దానికి రెండు చెంపలూ వాయించి ఉంటే పడేదాన్ని. కానీ అమ్మ కాలు కడిగింది మేమిద్దరమే గదా. సూదంటే నాకు ఎంత భయమో ఈ భూమి మీద తెలిసింది అక్క ఒక్కదానికే. అన్నీ తెలిసి, నేను ఓళిగ మీద నెయ్యేసుకుంటాంటే ఒక్క మాట చెప్పకుండా ఊరికే ఉండింది. "అన్నీ తెలిసి నన్ను మోసం చేసినావక్కా" అనేసినా. అక్క ఏడ్చింది. నేను బస్సెక్కినా.

మరుసటి రోజు ఫోన్ చేసి, "నేను పొద్దున్నే బస్సుకొచ్చి సూది వేసి పోతా. నువ్వు చూడలేవు" అనింది. "వద్దు" అన్న్యా. మూడు దినాలు వీధి చివర నర్సమ్మ వచ్చి వేసి పోయింది. ఆ మూడు దినాలూ సాయంత్రం అక్క వాచీ ఫోటో వస్తానే ఉండింది. మూడు వేలు, మూడు వేల రెండొందలు. నేను చూసి, జవాబు పెట్టకుండా పక్కన పెడతాంటి.

నాలుగో దినం నేనే వేసుకున్న్యా. బొడ్డుకు పక్కన వేళ్ళతో కండ పట్టుకొని, అమ్మకు అక్క వేసినట్లే. ఎప్పుడూ గోడ తిక్కు తిరిగి నిలబడినదాన్ని, ఆ పొద్దు కండ్లు మూసుకోలేదు. సూది లోపలుండగానే ఇంకో చేత్తో ఫోటో తీసి అక్కకు పంపినా. ఒక్క మాట కూడా రాయలేదు.

అక్క చూసినట్లు ఫోన్లో రెండు నీలం టిక్కులు వచ్చినాయి. ఆ సాయంత్రం అక్క వాచీ ఫోటో రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.