సోమలింగం పట్టకారు

వలసొచ్చిన తెలుగు నేతగాళ్ల పేట లింబాయత్‌లో సోమలింగాన్ని ఎరగని మరమగ్గం లేదు. ఇరవై ఏళ్లుగా ఆ మగ్గాలు, వాళ్ల మాటలో సాంచెలు, బాగుచేసే మేస్త్రీ. ఎక్కడైనా వదులు కనబడితే బిగించేదాకా అన్నం సహించదు. ఆ గుణమే చివరికి కూతురి నోటిమీదికొచ్చింది.

పదహారేళ్ల సంధ్యారాణి పళ్లకు క్లిప్పులు వేయించి మూడు వారాలైంది. కోరపన్నొకటి పైచిగురుకెక్కి కూచుంది. దాన్ని దించడానికి డాక్టరమ్మ వేసిన తీగ చూస్తే నూలుపోగంత సన్నం. సోమలింగం పొద్దున లేస్తూనే టార్చి పట్టుకుని కూతురి నోట్లోకి చూడటం, "ఏం కదల్లే" అని గొణగడం, కాలుగాలిన పిల్లిలా గల్లీలో తిరగడం.

సాంచెలు బంద్ ఉన్న రోజున ఇక ఆగలేకపోయాడు. పకడ్ అని పిలుచుకునే తన పట్టకారు కడిగి తెచ్చాడు.

"జర నోరు తెరువు బిడ్డా. ఒక్క మెలిక బెడ్త."

"డాక్టరమ్మ ముట్టద్దన్నది నాయినా."

"ముప్పై సాంచెలు జూస్త నేను. గీ తీగ నాకో లెక్కనా?"

నమ్మి తెరిచింది, పాపం. సోమలింగం తీగను వంచాడు. వదలగానే మళ్లీ మొదటికే వచ్చింది. ఇంకాస్త వంచినా అంతే. జన్మలో ఏ తీగా అతని మాట కాదనలేదు. మొండికేసి గుంజాడు. టప్పుమని క్లిప్పు ఊడింది, చిగురు చిట్లి రక్తమొచ్చింది. పట్టకారు అక్కడే పడేసి కూతుర్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. క్లిప్పు మళ్లీ అతికించి, అలాంటిదే ఇంకో తీగను చన్నీళ్లలో ముంచి వేలికి చుట్టింది. చుట్టినట్టే ఉండిపోయింది. వేడినీళ్లలో వేయగానే చుట్ట విప్పుకుని తన పాత వంపుకు వచ్చేసింది. నికెల్, టైటానియం కలిపిన తీగ అని హిందీలో చెప్పింది. ఫ్యాక్టరీలో ఏ వంపు నేర్పితే నోటి వెచ్చదనానికి ఆ వంపుకే పోతుందట. పన్నును మెల్లగా, వదలకుండా లాగుతుందట. తొందరపడి గుంజితే పంటి వేరే అరిగిపోతుందట. సోమలింగం నేల చూపులు చూస్తూ తలూపాడు.

షేర్ ఆటోలో సంధ్యకు నవ్వాగలేదు. "ముప్పై సాంచెల మేస్త్రీ తీగతోటి ఓడిపోయిండు!"

నవ్వుతూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాలుగేళ్లుగా అంతే. ఎవరిదో పెళ్లిలో పదిమంది ముందు "నా బిడ్డ నవ్వితే ఒక పన్ను అటకెక్కి తొంగిజూస్తది" అన్నది సోమలింగమే. అందరితోపాటు తనూ నవ్వాడు. ఆ రోజే ఆ చెయ్యి మొదటిసారి లేచింది. ఇప్పుడది గుర్తొచ్చి సోమలింగం కూతురి వైపు తిరిగాడు.

"తప్పయింది బిడ్డా."

"పోనీ నాయినా. ఇగ పకడ్ ముట్టకు."

"పకడ్ సంగతి గాదు. పెండ్లిల అన్నది."

సంధ్య నవ్వు ఆగింది. ఆటో లింబాయత్ మలుపు తిరిగేదాకా చెయ్యి నోటిమీదే ఉంది. తర్వాత ఆ చెయ్యి మెల్లగా దిగి తండ్రి మోకాలిమీద ఆనింది.