మా తాతయ్య కేజ్‌లో దిగిన రోజు

నా చిన్నప్పుడు మేము కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో, కోరమండల్ గని లైన్ ఇళ్ళలో ఉండేవాళ్ళం. మా తాతయ్య వైండింగ్ డ్రైవరు. అంటే, మనుషులను గనిలోకి దించి మళ్ళీ పైకి తెచ్చే ఇనుప కేజ్‌ను పైన ఇంజిన్ గదిలో కూర్చుని నడిపే మనిషి. ఆ గదిలోంచి కేజ్ కనబడదు. ఎదురుగా డయల్ ముల్లు, చెవికి గంటల సంజ్ఞలు, చేతిలో బ్రేకు, అంతే. నేను పెద్దయ్యాక విమానం నడపడం నేర్పే పనిలో పడ్డాను. శిష్యులను మొదటిసారి ఒంటరిగా ఆకాశంలోకి పంపడాన్ని మేము సోలో అంటాం. వాళ్ళను ఎలా పంపాలో నాకు తెలిసింది మాత్రం ఆ ఇంజిన్ గది గుమ్మంలోనే.

ఆ రోజుల్లో తాతయ్య పక్క లైన్లో ఉండే ఒక అన్నకు పని నేర్పుతున్నాడు. నెలల తరబడి ఖాళీ కేజ్ నడిపించాడు, తర్వాత రాయి నింపి నడిపించాడు. మనుషులను ఎక్కించి ఒంటరిగా నడపడమొక్కటే మిగిలింది. అన్న పనితనం మంచిదే కానీ తొందరెక్కువ. తాతయ్య ‘ఇంకా కాదు’ అన్నప్పుడల్లా మొహం మాడ్చుకునేవాడు. వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి మా అవ్వను నాలుగు మాటలు దెప్పి పోయేది కూడా.

ఒక మధ్యాహ్నం నేను ఇంజిన్ గదికి అన్నం క్యారియర్ తీసుకెళ్ళాను. పిల్లలు రాకూడని చోటే, కానీ వాచ్‌మన్ నన్ను చూసీ చూడనట్టు వదిలేసేవాడు. వెళ్ళేసరికి తాతయ్య కుర్చీలో అన్న ఒక్కడే ఉన్నాడు. తాతయ్య తలకు గని టోపీ పెట్టుకుని కేజ్ వైపు నడుస్తున్నాడు. గంట కొట్టే మేస్త్రీ ఆయన్ని ఆపాడు.

"ఏందప్పా, నువ్వు దిగితే వాడి పక్కన ఎవురుండేది?"

"ఎవురూ ఉండకూడదనే గదా. వాడు నడపొచ్చని సంతకం పెట్టింది నేను. ఇంగ మొదట ఎక్కాల్సింది నేనే," అన్నాడు తాతయ్య.

గంట మూడుసార్లు మోగింది. కేజ్‌లో మనుషులున్నారని దాని అర్థం. తాడు చుట్టిన పెద్ద చక్రం కదిలింది. మా తాతయ్య ప్రాణం ఇప్పుడు ఆ అన్న చేతిలో ఉందని నాకా వయసులోనే అర్థమైంది. అన్న చొక్కా వీపుకు అతుక్కుపోయింది. గుమ్మంలో నిలబడ్డ నాకు క్యారియర్ కింద పెట్టాలని కూడా తోచలేదు. చక్రం మెల్లబడి, డయల్ మీద ముల్లు, కేజ్ ఆగాల్సిన గీతకు కొంచెం ముందే ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది. కాసేపటికి కింద నుంచి, ఇంకొంచెం దించమని గంట వచ్చింది. అన్న మెల్లగా దించాడు. ఆ తర్వాత మళ్ళీ గంట మూడుసార్లు మోగింది, కేజ్ పైకి బయల్దేరింది. తాతయ్య టోపీ తీస్తూ గుమ్మంలోకి వచ్చేదాకా నేను కదల్లేదు. పోయిన ప్రాణం లేచి వచ్చింది.

"రెండడుగులు ముందే ఆపినావు. మంచిదే. దించేది యెప్పుడైనా దించొచ్చు," అన్నాడు అన్నతో. అన్న కాళ్ళు పట్టుకోబోతే, "లెయ్యిరా, ముందు చెమట తుడుచుకో," అని నవ్వాడు.

అన్నం తింటుంటే అడిగాను, భయం కాలేదా తాతా అని.

"కాకుండా ఉంటాదా తల్లీ? వాడి పైన కాదు, నా పైన. ఏం నేర్పించినానో, ఏం మరిచినానో అని."

సోలోకి పంపేవాళ్ళకు తాతయ్యకున్న వెసులుబాటు లేదు. మేము ఎక్కితే అది సోలోనే కాదు. రేడియో పట్టుకుని, గాలి ఎటు మళ్ళుతోందో చూస్తూ రన్‌వే పక్కన నిలబడాలి. చక్రాలు నేలకు తగిలేదాకా తెచ్చుకున్న టీ అలాగే చల్లారిపోతుంది. అప్పుడు జరిగే పరీక్ష నేర్చుకున్నవాళ్ళది కాదు, నేర్పిన నాది.

అందుకే సోలో కాగితం మీద సంతకానికి ముందు కలం పక్కన పెట్టి నన్ను నేను ఒకే మాట అడుగుతాను: ఈ పిల్ల నడిపే విమానంలో నా మనవరాలిని కూర్చోబెడతానా? మనసు తడబడితే ఆ రోజుకు లేదంతే. మొన్న ఒకమ్మాయికి మూడుసార్లు లేదన్నాను. నాలుగోసారి వెళ్ళింది, దిగింది, నన్ను వాటేసుకుంది. అంతకుముందు నన్నెంత తిట్టుకుందో స్నేహితురాళ్ళు చెప్పారులెండి. తిట్టుకోనీ. తిట్టుకోవడానికి మనిషి క్షేమంగా ఉంటే చాలు నాకు.