చేతులెత్తినవాళ్ళు

డిగ్రీ పాసయ్యానని ఫోన్‌లో చూసుకుని, పెనుకొండలో బస్సెక్కి ధర్మవరం చేరాను. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. నేత వీధి సంఘం వాళ్ళు మా వాకిట్లోనే కూర్చున్నారు. ఎన్నిక మరునాడే. ఏటా అందరూ చేతులెత్తేవాళ్ళు, నాయనే అధ్యక్షుడయ్యేవాడు.

నా కబురు విని నాయన మురిసిపోయాడు. "ఏం పాపా, నీ చదువేం జెప్తాంది? చేతులెత్తేది మేలా, చీటీలేసేది మేలా?" అని అందరి ముందూ అడిగాడు.

"చేతులైతే కండ్ల ముందరే తేలిపోతాది నాయనా, మోసం చేసేకి కాదు. కానీ పక్కనోళ్ళు చూస్తారని ఎత్తుతారు. చీటీలో అయితే మనసులో ఉండేది రాస్తారు," అన్నాను.

"చీటీలే పెడదాం లేప్పా! మా పాప చెప్పినాక ఇంకేముండాది?"

మరునాడు చీటీలు విప్పారు. నాయన పేరు మూడింటిలోనే ఉంది. మా ఇంట్లో సంఘం సభ్యులు ముగ్గురు: నాయన, అమ్మ, అవ్వ.

ఇంటికొచ్చాక నేను ఏడుస్తుంటే, "చీటీలే మేలు పాపా. నువ్వు జెప్పింది సరిగానే ఉండాది. ఇన్నేండ్లూ నా మొగం జూసి చేతులెత్తినారని నాకే తెలీకపాయ," అన్నాడు.

వెళ్ళి మగ్గంలో కూర్చున్నాడు. చాలాసేపు మగ్గం ఆడలేదు.